మూడు రోజుల చద్ది

ఉత్తర డకోటాలో ఏప్రిల్ నెలని ఎవరూ నమ్మరు.
తెల్లారుజామున నాలుగున్నరకి
లారీ వెనక తలుపు పైకెత్తి డ్రైవరన్నాడు,
"మార్విస్, ఇవాళ నీకు అరిచే ఉత్తరాలొచ్చాయి."

అట్టపెట్టె.
పక్కల వేలు దూరేంత చిల్లులు,
చిల్లుల్లో ముక్కులు.
పైన అయోవా హేచరీ ముద్ర.
కింద ఐవర్ స్టెన్‌రూడ్ పేరు,
తొమ్మిది మైళ్ళ మట్టిరోడ్డు చివరి చిరునామా.
సోమవారం పొద్దున గుడ్డు పగలగొట్టుకుని
మధ్యాహ్నానికి తపాలాలో పడ్డ ప్రాణాలు.
ఇవాళ బుధవారం.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ కిటికీ వెనక నిలబడుతున్నాను.
కొత్తలో నాకూ కడుపు తరుక్కుపోయేది,
పుట్టినదాన్ని పుట్టినట్టే పోస్టులో వేయడమేమిటని.
థోరా స్టెన్‌రూడ్ చెప్పింది ఒకసారి,
స్టాంపులకి చిల్లర లెక్కపెడుతూ.
బయటికొచ్చే ముందు పిల్ల
మిగిలిన పచ్చసొనంతా బొడ్డుగుండా లోపలికి లాక్కుంటుందట.
మూడు రోజుల చద్దిమూట.
"తల్లి మొహం చూడకపోయినా
తల్లి కట్టిచ్చిందే తింటాయి" అని
నాణేలు నావైపు తోసింది.
రెండు సెంట్లు తక్కువ. నేనడగలేదు.

ఏటా జనవరిలో ఆర్డరు కవరు
ఆమె చేతిరాతతోనే వచ్చేది,
కుట్టుపనిలా సన్నగా, ఒక పక్కకి ఒరిగి.
ఈసారి అక్షరాలు
కంచె గుంజల్లా దూరం దూరంగా ఉన్నాయి.
ముద్ర కొట్టి పంపించాను.
ఉత్తరాలు మోసేవాళ్ళం,
అడిగేవాళ్ళం కాదు.

ఆరింటికి ఫోన్ చేశాను.
"పెట్టె వచ్చింది ఐవర్."
"రోడ్డు లేదు," అన్నాడు.
కిటికీలోంచి చూస్తే నిజమే,
వీధికి అవతల చర్చి కూడా లేదు,
ఉన్నదల్లా అడ్డంగా కురుస్తున్న మంచు.

హీటరు పక్కకి జరిపాను పెట్టెని.
మధ్యాహ్నం దాకా గోల గోల.
నాలుగింటికి గోల పలచబడింది.
నాకు భయమేసింది అరుపుకి కాదు,
అరుపుల మధ్య ఖాళీలకి.
పరాయివాళ్ళ పార్సిల్ విప్పకూడదని
గోడమీద కాగితం. అంటించింది నేనే.
మళ్ళీ ఫోన్ చేశాను.
"విప్పు," అన్నాడు.
కాసేపాగి,
"నీళ్ళల్లో చక్కెర ఎంత వేసేదో
నీకేమైనా చెప్పిందా?"

చెప్పింది.
నా కాఫీ సాసరు, గోరువెచ్చని నీళ్ళు, చెంచాడు చక్కెర.
ఒక్కొక్కదాన్నీ గుప్పిట్లోకి తీసుకుని
ముక్కు ముంచాను.
మునిగిన ముక్కు పైకి లేస్తుంది,
గొంతు కదులుతుంది,
మా పాస్టరు కూడా అంత శ్రద్ధగా
ఆకాశంవైపు తలెత్తడు.
రిసీవరు పక్కన పెట్టే ఉంచాను.
అవతల అతను ఊపిరి పీల్చడం వినిపిస్తూనే ఉంది,
ఒక్క మాటా లేదు.

"ఎన్ని?" అన్నాడు చివరికి.
డబ్బు పంపింది ఇరవై ఐదింటికి.
దారిఖర్చు కింద హేచరీవాళ్ళు ఒకటి ఎక్కువేస్తారు.
ఆ మూల ఒకటి
మిగతావాటి కాళ్ళకింద చదునైపోయి ఉంది.
దాన్ని రుమాల్లో చుట్టి
"లెక్క సరిపోయింది," అన్నాను.

ఆ రాత్రి ఇంటికి పోలేదు.
ఉత్తరాల సంచీ తలకింద పెట్టుకుని
బల్లదీపం పెట్టెమీదికి వంచి
కునుకు తీస్తూ, లేస్తూ, లెక్కపెడుతూ.

గురువారం మంచు తోసే బండి వెనకే వచ్చాడు.
సంతకం చేశాడు,
అవే గుంజల అక్షరాలు.
పెట్టెని కోటు లోపలికి దోపుకున్నాడు,
బొత్తాలు పట్టలేదు,
చేత్తోనే మూసుకున్నాడు.
తలుపు దగ్గర వెనక్కి తిరిగి
"చెంచా చిన్నదా, పెద్దదా?" అన్నాడు.
"చిన్నది."
తలూపాడు.

తర్వాత గదిలో గడియారం మిగిలింది.
గూళ్ళలో సర్దాల్సిన ఉత్తరాలు మిగిలాయి.
చేతికొచ్చిన మొదటిది ఎవరిదో కరెంటు బిల్లు.
ఎవరూ లేరు కదా అని
ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని చూశాను.