ఆరున్నొక్కటి

తాత మస్తానయ్య కొలిచేటప్పుడు
ఒకటి అనేవాడు కాదు.
లాభం, అనేవాడు.
లాభం, రెండు, మూడు...
ఆరు దాటాక గొంతు కాస్త తగ్గించి
ఆరున్నొక్కటి.
ఏడు అనే మాట
పట్నంబజారులో తటవర్తి వారి కొట్టు గడప
ఎన్నడూ తొక్కలేదు.

నేను మిర్చి యార్డులో ఎలక్ట్రానిక్ కాటా ముందు కూర్చుంటాను.
టిక్కీ ఎక్కుతుంది, ఎర్ర అంకె వెలుగుతుంది.
నలభై ఏడు కిలోల ఏడు వందల గ్రాములు!
ఏ జంకూ లేకుండా
నా కాటా రెండుసార్లు ఏడుస్తుంది.

ఈ ఊరు ఏం అమ్మలేదు గనక?
తాతకు సంవత్సరాలు తెలియవు, వాసనలు తెలుసు,
ఆ వరసలోనే చెప్పేవాడు.
మొదట మిరియమే, మిరప లేదు.
ఏ ఓడలోనో పరాయి కాయ ఒకటి దిగితే
నల్లదాని పేరు కొంచెం సాగదీసి ఎర్రదానికి పెట్టుకున్నాం.
ఇప్పుడు పుట్టిల్లెక్కడే అనడిగితే
తడుముకోకుండా గుంటూరంటుంది.
నీలిమందు వచ్చింది, తొట్లలో దిగిన కాళ్ళకి రంగు పట్టించి
పోయింది. రంగు మాత్రం కొన్నాళ్ళుంది.
పత్తి వచ్చింది, కొమ్మమూరు కాలవ మీద పడవలెక్కింది.
పొగాకు వచ్చింది,
ఆకు పసుపు తిరిగే గడియ కోసం
బ్యారను పొయ్యి పక్కన ఎవరెవరి నిద్రో కాలింది.

మోటుపల్లిలో ఒక శాసనం ఉంది.
ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు
ఇకమీదట మేం లాక్కోమని, సుంకమే తీసుకుంటామని
రాజుగారి అభయం.
మంచిదే.
ఇకమీదట అన్న మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను.

అమరావతి రాళ్ళ మీద
తోలుపని చేసేవాడొకడు, గంధం అమ్మేవాడొకడు
పెళ్ళాం పిల్లలతో సహా పేర్లు చెక్కించుకున్నారు.
లాభం రాతి మీదికెక్కింది.
నష్టం ఏ రాతి మీదుందని
వెనక్కి వెళ్ళి కూడా చూశాను,
వెనక నున్నగా ఉంది.

కొట్టు మూసేసిన రోజున
తాత అడిగి తెచ్చుకున్నది ఒక్క చిట్టా పుస్తకం.
ఎర్రగుడ్డ అట్ట, మణుగులు, వీసెలు, అణాలు.
తెరిస్తే ఇప్పటికీ తుమ్మొస్తుంది.
అందులో ఒక పద్దు:
సైదమ్మ, తొడిమల కూలి, రెండణాలు బాకీ.
తర్వాతి పేజీలో పైది బాకీ.
పైది, పైది అంటూ ఆరు పేజీలు నడిచి
ఆరున్నొక్కటో పేజీలో
పేరే లేదు.
ఇచ్చారా తాతా? అన్నాను.
ఆయన దానికి జవాబు చెప్పలేదు.
మిరప చేతులతో బిడ్డను ముట్టలేక
మోచేతులతో ఎత్తుకునేదిరా, అన్నాడు.

రెండణాలంటే పన్నెండున్నర పైసలు.
వడ్డీ కడదామని ఫోను తీశాను.
నూటికి రూపాయా? రూపాయిన్నరా? ఎన్నేళ్ళకి?
ఆ అర పైసా దగ్గరే లెక్క తెగక
ఫోను జేబులో పెట్టేశాను.

ఈ వేసవిలో తాత పోయాడు.
మర్నాడు దినం అనగా కూడా యార్డుకు వచ్చాను, సీజను మరి.
కోల్డ్ స్టోరేజీ నీడలో
తొడిమలు తీసే ఆవిడ గోనెపట్టా మీంచి లేచి వచ్చింది.
పేరు అడగలేదు, అడగాలనిపించింది.
మెడలో తాడుకి కట్టుకున్న చిన్న ఫోను,
గోళ్ళ సందుల్లో ఎరుపు.
ఎన్ని టిక్కీలమ్మా? అంటే
ఏడు, అంది.

నా నోరు అలవాటుగా
ఆరున్నొక్కటి అనబోయింది.
ఏడు, మళ్ళీ అంది ఆవిడ, ఈసారి గట్టిగా,
నేను రాసేదాకా
కాటా పక్కనే నిలబడింది.