తుండుగుడ్డ కింద

కందుకూరు రోడ్డులో పొగాకు వేలం కేంద్రం.
దీన్ని ఇక్కడ ప్లాట్‌ఫారం అంటారు.
నా ఒళ్లో ఉన్న అరచేయంత బోర్డునీ
మా ఆఫీసులో ప్లాట్‌ఫారం అనే అంటారు.
రెండింటి మధ్య, కాలు ఊగే స్టూలు మీద నేను.
మధ్యాహ్నం రెండు. బేళ్ల ఘాటు గొంతులో కూర్చుంది.

పని చిన్నదే అని పంపారు.
కాటా చెప్పిన బరువు
తీగ మీద నడిచి కంప్యూటరు చేరేలోపు
దాన్ని ఎవరూ చెయ్యిపట్టి పక్కకి లాగకుండా
ఒక ముద్ర వెయ్యాలి.
పోయిన సీజన్లో బేలుకి రెండు కిలోలు
దారిలోనే దిగిపోయాయట.
అందరూ కాటా ఖాజావలి వైపే చూశారు.
అప్పట్నుంచి అతను అంకెల అద్దాన్ని
రోజుకి మూడుసార్లు తుడుస్తున్నాడు.

లైబ్రరీ లోకమంతా వాడేదే.
కానీ కట్టేముందు దానికి చెప్పుకోవాలి
ఏ ఇంటికి పోతున్నదీ, అక్కడ చోటెంతున్నదీ,
ఆ ఇంట్లో ఇంటిపేరు ముందు పలుకుతారా
సొంత పేరా అన్నదీ.
మనం ఇంటిపేరు ముందు.
ఈ చిప్ చివరిది ముందు.
చెప్పకపోతే నూరు కిలోలు
నోరు తిరగని అంకై కూర్చుంటుంది.

ఒంగోలులో నా లాప్‌టాప్ మీద కట్టింది
ఇక్కడ ఈ బోర్డు మీద నడవాలి.
నడవకేం?
కందుకూరుని ఈ జిల్లాలోంచి ఆ జిల్లాలోకి రాశారు,
బస్సులు ఆగాయా?

ఆగింది.
చెల్లని ఆజ్ఞ, అంది బోర్డు.
రెండోసారీ అదే మాట.
మూడోసారి ఆ మాత్రం పలకరింపూ లేదు.

పరుగు కోసం ఎవరో పుణ్యాత్ముడు
లెక్కలు కొన్నింటిని
కొత్త చిప్పుల యాసలో రాసిపెట్టాడు.
ఇది పన్నెండేళ్ల ముసలిది, ఆ యాస అందదు.
హాస్టల్లో నా విజయనగరం స్నేహితురాలు
నెల్లూరు బస్టాండులో
“ఏడికి పోతుండావమ్మే” అని అడిగితే
సంచీ గుండెలకి హత్తుకుని నిలబడిపోయినట్టే.

యాస వద్దు, అని ఒక్క మాట చేర్చాను.
అందరికీ తెలిసిన మాటలతోనే కట్టు.
ఆలస్యమైతే కానీ,
బేలు కాటా ఎక్కి దిగేలోపు
ఒక్క ముద్ర పడితే నాకు చాలు.

“ఏందమ్మా, పొద్దున్నుంచీ దాన్ని తిడతన్నావు?”
వాచ్‌మన్ మాలకొండయ్య.
ఒకప్పుడు పశువుల సంతలో దళారి.
చేతనైనంత చెప్పాను.
విని, భుజం మీది తుండుగుడ్డ తీసి
ఖాజావలి చేతి మీద కప్పాడు,
తన చెయ్యి లోపలికి దూర్చాడు.
గుడ్డ కింద ఏదో కదిలింది.
ఇద్దరి మొహాల్లో ఏమీ లేదు.
ఖాజావలి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కదలిక.
ఈసారి నవ్వాడు, నేనొచ్చాక మొదటిసారి.
“చుట్టూ వందమంది ఉంటారు,” అన్నాడు పెద్దాయన,
“ఎద్దుకి గూడా తెలవదు దాని ధర.”

మాది దాచడం కాదు తాతా, మారకుండా చూడడం,
అనబోయి ఊరుకున్నాను.
ఏ ముద్రకైనా అడుగున
ఎవరికీ కనపడని వేళ్లు కొన్ని ఉండాలి కదా.

ఆ వేళ్ల దగ్గరే మళ్లీ చిక్కు.
ఎవరూ ఊహించలేని అంకె ఒకటి ఇవ్వమంది లైబ్రరీ.
బోర్డు దగ్గరేముంది?
నిన్న లేచినట్టే ఇవాళా లేచింది,
అదే వరసలో అవే పనులు.
తెర మీద గీత మెరుస్తూ, ఎదురుచూస్తూ.

“చివరి అంకె...” అన్నాడు ఖాజావలి, తప్పు ఒప్పుకుంటున్నట్టు.
“అది నిలబడదండీ ఎప్పుడూ.
ఫ్యాను తిరిగినా, రోడ్డు మీద లారీ పోయినా.
రిపేరుకి ఎన్నిసార్లు రాశానో.”

ఖాళీ కాటా. మూడు. ఏడు. సున్నా. మళ్లీ ఏడు.
గంటసేపు ఆ వణుకుని కొలిచాను.
ఎక్కడా తొక్కిన దారి తొక్కలేదు.
దాన్నే తాళంచెవి అచ్చులో పోశాను.

ఐదూ నలభైకి పరీక్షలన్నీ దాటింది.
ఒక బేలు ఎక్కించారు.
నూట పద్దెనిమిది కిలోల నాలుగు వందలు.
అవతల కూడా నూట పద్దెనిమిది నాలుగు వందలే.
ఇక్కడ ఒక్క అంకె మార్చి పంపి చూశాను.
పుచ్చుకోలేదు.

“ఇంతకీ ఏ అంకె పడింది?” మాలకొండయ్య.
నాకూ తెలీదు తాతా.
“అదీ బేరం,” అని తుండుగుడ్డ దులిపాడు.

ఖాజావలి రిపేరు పుస్తకం తెరిచి
ఈ నెల రాసిన ఫిర్యాదు మీద
స్కేలు పెట్టి మరీ గీత కొట్టాడు.