తెడ్డు వేస్తున్నాడు

మొదటిసారి వచ్చినప్పుడు
రాతప్రతిని చేపలబుట్టలో పెట్టి తెచ్చాడు.
ఆరువందల పన్నెండు కాగితాలు,
సగం టైపు, సగం పెన్సిలు,
కొన్ని ఫెర్రీ టికెట్ల వెనకవైపు.
"పడవలు నడిపినవాణ్ణి, వాక్యాలు నడపలేను.
కాస్త సరిచూడు, వేసవికల్లా అయిపోదూ?"
అన్నాడు మిక్యాల్, ముసలి కెప్టెన్.

నాలుగు వేసవులు పోయాయి.

తోర్స్‌హవన్‌లో రేవుకి ఎదురుగా మా ఆఫీసు.
కింద ఊలు దుకాణం, పైన మేం:
నేనూ, ఒక హీటరూ,
రోజూ కిటికీ తట్టి పేరు చెప్పని గాలీ.
ఈ దీవుల భాష మాట్లాడేవాళ్ళందర్నీ ఒకచోట నిలబెడితే
ఒక మోస్తరు పట్నం అవుతుంది, అంతే.
అచ్చువేసేది ఐదువందల కాపీలు.
అయినా కామా కామాయే.

మొదటి ఏడు 'నెమ్మదిగా'తోనే గడిచింది.
కెరటం నెమ్మదిగా లేస్తుంది,
పొగమంచు నెమ్మదిగా దిగుతుంది,
గొర్రెలు నెమ్మదిగా, పాదిరీగారు నెమ్మదిగా,
మొత్తం మూడువందల నలభై నెమ్మదులు.
చేపలోంచి ముళ్ళు తీసినట్టు ఒక్కొక్కటే లాగాను.
రెండువందలు లాగాక చెయ్యి ఆగింది.
అన్నీ తీసేస్తే పుస్తకం పరిగెడుతుంది,
అతను పరిగెత్తే మనిషి కాదు.

తర్వాత పేర్లు.
సముద్రంలో ఒకే రాయికి మూడు పేర్లు,
ఎవరి గడపలోంచి చూస్తే ఆ పేరు.
ఫోను చేస్తే గంట.
రాయి గురించి ఐదు నిమిషాలు,
మిగతాదంతా అతని మోకాలి గురించి.
అదీ ఎడిటింగే, ఏ పద్దులోకీ ఎక్కదు.

మా రన్‌వాకి మొదటి పన్ను ఊడింది
తొమ్మిదో అధ్యాయం దగ్గర.
పదిహేడో అధ్యాయానికి
అది నా స్పెల్లింగులు దిద్దుతోంది.

మూడో ఏట ఆ తప్పు పట్టుకున్నాను.
తమ్ముడు రోయి వచ్చిన చోటల్లా క్రియలు చెడతాయి.
అందరూ వెళ్ళారు, తిన్నారు, పోయారు.
రోయి మాత్రం నవ్వుతున్నాడు,
తడిసిన మేజోళ్ళు పిండుతున్నాడు,
ఎర్ర పడవలో తెడ్డు వేస్తున్నాడు.
వ్యాకరణం ఒప్పుకోదు.
నాకు జీతమిచ్చేది అందుకే కదా.
మూడు నెలలు కూర్చుని
రోయిని మొత్తంగా భూతకాలంలోకి దించాను.
నవ్వాడు. పిండాడు. వేశాడు.
శుభ్రంగా కుదిరింది.
ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది కూడా.

అప్పటికి మిక్యాల్‌కి చూపు పోతోంది.
ప్రూఫులు సంచిలో వేసుకుని నేనే ఫెర్రీ ఎక్కాను.
వంటింట్లో ఆరబెట్టిన గొర్రెమాంసం వాసన,
గొంతు తగ్గించి వాతావరణం చెబుతున్న రేడియో.
నేను చదువుతుంటే అతను
బల్లమీద వేలితో ఏవో రేవులు గీస్తున్నాడు.
"రోయి తెడ్డు వేశాడు" అని చదివాను.
వేలు ఆగింది.
"వేస్తున్నాడు" అన్నాడు,
నేనేదో చూసుకోక తప్పు చదివానన్నట్టు,
మర్యాదగానే.
తర్వాతి వాక్యం చదివాను.
"నవ్వుతున్నాడు" అన్నాడు.
ఆపైన చదవలేదు నేను.

పడవ దొరికిందట. తెడ్లు రెండూ దొరికాయట.
యాభైమూడేళ్ళుగా
చివర చుక్క పెట్టడానికి మాత్రం
ఏదీ ఒడ్డుకు రాలేదు.

తిరిగొచ్చి మళ్ళీ మొదటి పేజీ.
కంప్యూటరు ఒక్క నొక్కుతో మార్చలేదు,
ఎవరు వెళ్ళారో ఎవరు వెళ్తూనే ఉన్నారో
దానికేం తెలుసు?
నాలుగో ఏడు దానికే పోయింది.
"ఈ ఏడాది ఏం సవరించావు?" అని యజమాని లెక్క అడిగాడు.
సవరించినవి వెనక్కి తీసుకున్నానని రాస్తే
గంటకింత అని ఎవరిస్తారు?

పుస్తకం వచ్చింది, నీలం అట్టతో, బరువుగా.
మిక్యాల్ దాన్ని చదవలేదు, చేత్తో తూచాడు,
"నెమ్మదిగా చేశావు" అన్నాడు.
తిట్టో మెప్పో అడగలేదు.

డెబ్భైమూడో పేజీలో ఒక రోయి
నా కళ్ళు కప్పి మిగిలిపోయాడు:
తలుపు వేసి వెళ్ళాడు, అని.
ఎవరూ చూడలేదు.
రన్‌వా చూసింది.
నా కాపీలో పెన్సిలుతో దిద్దిపెట్టింది.

ఇంకా నాలుగువందల తొంభై తొమ్మిది ఉన్నాయి.