చెవిరాయి

కాడ్ చేప చెవిలో ఒక రాయి ఉంటుంది
చిక్కుడుగింజంత.
అడ్డంగా కోసి, అరగదీసి, దీపం కింద పెడితే
చెట్టు మొదట్లో ఉన్నట్టే వలయాలు.
వెడల్పుగా, తెల్లగా ఉన్నది వేసవి.
సన్నగా, నల్లగా ఉన్నది చలికాలం.
నల్లగీతలు లెక్కపెట్టడమే నా చదువు.

ఈ వారం లెక్కలు వేరే.
దిద్దాల్సిన ల్యాబ్ రిపోర్టులు నలభై మూడు.
గురువారం స్టాటిస్టిక్స్ పరీక్ష.
శుక్రవారం అయిదింటికల్లా
రెండో అధ్యాయం పెన్నీ గారి బల్ల మీద ఉండాలి.
ఇవి చాలనట్టు, గోరుచుట్టు మీద రోకటిపోటు,
రెండొందల పన్నెండు రాళ్లు మళ్లీ మొదటి నుంచీ:
నేను చెప్పిన వయసులూ
హాలిఫాక్స్‌లో ఇంకెవరో చెప్పిన వయసులూ కలవలేదట.
శనివారం తెల్లారకముందే బస్సు,
సాయంత్రం ఫోగో దీవికి ఫెర్రీ.
ఫెర్రీ ఎక్కే రేవు పేరు ఫేర్‌వెల్.
వీడ్కోలు అని పేరున్న చోటు మీదుగానే
ఇంటికి వెళ్లాలి మేం.

ఇదంతా మూడు రంగుల్లో రాసి
ఫ్రిజ్ మీద అంటించాను.
డార్లీన్ పాలు తీసుకుంటూ చదివి
"నిద్రది ఏ రంగు?" అంది.
ఆమెది జానపద విభాగం,
ఎప్పుడో పోయిన ముసలివాళ్ల మాటలు
టేపుల్లోంచి కాగితం మీదికి దింపుతుంది.
రాత్రి రెండింటికి గోడ అవతల
ఒకాయన దగ్గుతాడు, నవ్వుతాడు.
ఆమె వెనక్కి తిప్పుతుంది.
దగ్గుతాడు, నవ్వుతాడు.
ఆయన ఏ మాటకి నవ్వాడో
ఆమెకి ఇంకా అంతుపట్టలేదు.

సెయింట్ జాన్స్‌లో నాలుగుంపావుకే చీకటి.
కిటికీలో హార్బర్ కనిపించడం మానేసి
నా ముఖం కనిపించడం మొదలవుతుంది.
పరదా లాగేసి రిపోర్టులు ముందేసుకుంటాను.
మొదటేడాది పిల్లాడొకడు రాశాడు:
"గుండె చూడలేదు. వాసనకి బయటికి పరిగెత్తాను.
మొప్పల బొమ్మ మాత్రం నేనే వేశాను."
పదికి ఆరిచ్చాను.
నాలుగు మొప్పలకి, రెండు నిజానికి.
తర్వాత, నాకేమయిందో, మరో అర కలిపాను.

అక్క లోరెట్టా వీడియోలో పిలిచింది.
పండగ రాత్రుల్లో మా ఊళ్లో వేషాలు కడతారు.
ముఖానికి దిండుగలీబు, మీద తాత కోటు,
చేతికి పడవ తొడుగులు,
తలుపు కొట్టి లోపలికొచ్చి ఆడతారు.
ఎవరెవరో ఇంటివాళ్లు పోల్చుకోవాలి,
పోల్చుకున్నాకే కేకు ముక్క.
"నీకీసారి గలీబు అక్కర్లేదే యూనా,
ఉత్త ముఖంతో వచ్చినా ఎవ్వరూ పట్టుకోలేరు" అంది.
నవ్వాను.
ఆమె పెట్టేశాక అద్దం దగ్గరికి వెళ్లాను.

పరీక్ష రాశాను. ఎలా రాశావని అడక్కండి.
అధ్యాయం ఇచ్చాను,
రెండు చోట్ల "ఇక్కడ ఏదో చెప్పాలి" అని
నాకు నేను రాసుకున్న గుర్తులు చెరపకుండానే.

శుక్రవారం రాత్రి ఫోనులో కబురు:
గాలి ఎక్కువ, రేపు ఫెర్రీ లేదు.
ఏడుపు రావాలి.
ఒక రోజు ఉత్తపుణ్యానికి దొరికిందని
కోటు విప్పినంత హాయి వచ్చింది.
అక్కకి మాత్రం
"ఛ, ఏం గాలో" అని మెసేజ్ పెట్టాను.

మళ్లీ దీపం కిందికి రాళ్లు.
నూట తొంభై ఒకటో చేప.
నిన్న తొమ్మిదేళ్లని రాశాను,
ఇవాళ ఎనిమిదే కనిపిస్తున్నాయి.
కళ్లు నులుముకున్నాను, రాయి తిప్పాను,
సూదిమొనతో ఒక్కో గీతా తాకుతూ వచ్చాను.
ఎనిమిదే.
నిన్న రాత్రి ఏ మూడింటికో
దాని చెవిలో ఒక చలికాలం
నేనే కలిపినట్టున్నాను.

తొమ్మిది కొట్టేసి ఎనిమిది వేశాను.
ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి, ఉండనీ.
దీపం ఆర్పాను.
గోడ అవతల ఆయన దగ్గాడు, నవ్వాడు.
ఈసారి ఎవరూ వెనక్కి తిప్పలేదు.
ఇంకేదో చెప్పుకుంటూ పోతున్నాడు,
పడవ గురించో, పెళ్లి గురించో.
డార్లీన్ టేపు ఆపకుండానే
నిద్రపోయినట్టుంది.