ముందు చెట్టు సంగతి చెప్పండి

"అన్నిటికన్నా పెద్దది కావాలి" అంది ఎర్మెలిందా కయూన్,
గొడుగు ముడవకుండానే.
మూడు రాత్రుల ఉత్తరపు గాలి తర్వాత
రాంకో సరస్సు చుట్టుపక్కల ఎవరొచ్చినా ఇదే మాట.
నా వెనక గోడకు పన్నెండు రంపాలు
సంతలో చేపల్లా వేలాడుతున్నాయి, మూతులు కిందికి.

ముందు చెట్టు సంగతి చెప్పండి, అన్నాను.
ఏ చెట్టు? ఎంత లావు?
నేలకు ఆనిందా, మధ్యలో గాలిలో ఉందా?

"కొయివే. నేనూ మా చెల్లెలూ చెరోవైపు నుంచి కౌగిలిస్తే
వేలి కొసలు అందుతాయి, అంతే.
అటు పడవరేవు, ఇటు ఇల్లు. నడుమ అది.
దాని కింద ఆరు తేనెపెట్టెలు.
రెండింట్లో ఇంకా రొద వినిపిస్తోంది."

గోడ చివరిదాన్ని దించాను.
తొంభై రెండు సీసీ, తొంభై సెంటీమీటర్ల బార్.
పెట్రోలూ నూనే పోస్తే పది కిలోల పైమాటే.
పట్టుకుని వంద దాకా లెక్కపెట్టండి, అన్నాను.
కిఞె, ఎపు, కులా... వాళ్ళ అమ్మమ్మ భాషలో మొదలుపెట్టింది.
నలభై దగ్గర రంపం మూతి నేలచూపు చూసింది.
ఆవిడ చూడలేదు.

దీని బలం గొప్పదే, కాదనను.
అది మీ భుజం తిని బతికే బలం.
మధ్యాహ్నం దాటాక చేయి తడబడి
బార్ కొస కొమ్మను ముద్దాడిందా,
క్షణంలో వెనక్కి లేచి మీ మొహం వెతుక్కుంటుంది.
నా ఎడమచేతి వేళ్ళు లెక్కపెట్టకండి.
ఆ రెండూ తీసింది రంపం కాదు,
శనివారం సాయంత్రం తొందర.

ఇదిగో, డెబ్బై సీసీ. అరవై సెంటీమీటర్ల బార్.
ఇటు సగం, అటు సగం. మీ కొయివేకి చాలు.
పడ్డ చెట్టు పడుకున్న చెట్టని మోసపోకండి,
ఎక్కుపెట్టిన విల్లది.
నొక్కుకుపోయిన వైపు ముందు కొంచెం కోయండి,
సాగిన వైపు తర్వాత.
కోత మూసుకోకుండా చీలలు దిగ్గొట్టండి.
వేళ్ళ దగ్గర మాత్రం ఎవరినీ నిలబెట్టకండి,
మీ చెల్లెల్ని కూడా.

అన్నీ విని ఒక్కటే అడిగింది:
"ఈ మోత తేనెటీగలు తట్టుకుంటాయా?"

ముప్పై ఒక్క ఏళ్ళుగా అమ్ముతున్నాను.
ధర అడిగారు, ఎంత తాగుతుందని అడిగారు,
పక్కవాడి రంపం కన్నా గట్టిగా అరుస్తుందా అని కూడా అడిగారు.
దీనికి నా దగ్గర జవాబు లేదు.
కేటలాగు తిరగేశాను, ఏదో ఉన్నట్టు.

"తెల్లారకముందే కోస్తాలే" అని తనే అంది,
"చలికి ముద్దగట్టి ఉంటాయి."

డెబ్బై సీసీది తీసుకుంది.
రెండు చైన్లు, మూడు చీలలు, ఒక ఆకురాయి.
హెల్మెట్ వద్దంటే నేనే సంచిలో పడేశాను.
సగం డబ్బిచ్చింది. మిగతాది తేనె, అంది.
ఏ తేనె, అని నేను అడగలేదు.

పదకొండో రోజున వచ్చింది, చైన్ ఒకటి చేతికి చుట్టుకుని.
"మాను తెగి పడగానే మొదలు లేచి నిలబడింది, దొన్ కుస్తోదియో!
మట్టితో, నాచుతో, చిన్న చిన్న ఫెర్న్ మొక్కలతో సహా.
గొయ్యి మూసుకుపోయింది, మూత పెట్టినట్టు.
చెల్లెలు దూరంగానే ఉంది.
దాన్ని కోయలేదు. ఎలా కోస్తాం, నిలబడ్డాక?"

పెట్టెలో?

"ఒకటి బాగుంది."
కాసేపు కిటికీలోంచి వాన చూసింది.
"చైన్ ఇసుకలో దిగింది. పదును పెట్టి ఇవ్వండి."

ఆవిడ వెళ్ళాక దాన్ని దీపం కిందికి తెచ్చాను.
ఇసుక నిజమే.
ఓ నాలుగైదు పళ్ళ సందుల్లో మాత్రం
పసుపుపచ్చటి మైనం.
ఆకురాయి పక్కన పెట్టి,
ఉన్న వేలి గోటితోనే తీశాను,
నెమ్మదిగా.