ఆవ ఒడ్డున పంక్చరు

సి షిఫ్టు దిగి, నాలుగు గంటలు పడుకుని,
చెవుల్లో బొగ్గు పూర్తిగా వదలకుండానే
కూర్మన్నపాలెం దాటాం.
నాది పెళ్ళినాటి నల్ల సైకిలు.
ఎర్నిబాబుది వాయిదాల మీద కొన్న గేర్లది,
ఇరవయ్యొక్కటిలో మూడే వాడతాడు,
మిగిలినవి వాయిదాలు తీరాకట.
క్యారియరు మీద టార్పాలిన్, రెండు వెదురు కర్రలు,
మా ఆవిడ మూటగట్టిన చోడిపిండి,
దాంతోపాటు
"ఈ వయసులో గుడారాలేటి, సర్కసోళ్ళలాగ"
అన్న మాట కూడా.

లంకెలపాలెం దాకా లారీలే మాట్లాడాయి.
అనకాపల్లి దాటి పక్క రోడ్డు పట్టాక
మునగపాక దగ్గర గాలి తియ్యబడింది.
ఎక్కడో బెల్లం పెనం దించుతున్నారు.
ఇరవయ్యారేళ్ళు కోకోవెన్ పొగ తిన్న ముక్కు
ముందు నమ్మలేదు,
తరవాత సిగ్గులేకుండా పీల్చుకుంది.

కిందటి నెల డాక్టరు నోట్లో గొట్టం పెట్టి
ఊదమన్నాడు. ఊదాను.
ఇంకా, ఇంకా, ఇంకా అన్నాడు
బూర కొనిచ్చిన పిల్లాడికి చెప్పినట్టు.
కాగితం మీద గీత కొండెక్కబోయి
సగంలో కూచుండిపోయింది.
ఆ అంకె ఇంట్లో చెప్పలేదు.
ఎర్నిబాబుకీ చెప్పలేదు.
ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి
"చెయిను చూసుకోవాలి" అంటాను.
వాడూ దిగుతాడు.
వాడి చెయినూ చూసుకుంటాడు.

హరిపాలెం దాటాక నా వెనక చక్రం మెత్తబడింది.
తోసుకుంటూ వెళ్ళేసరికి
కొండకర్ల ఆవ మీద పొద్దు వాలుతోంది.
ఒడ్డంటూ గీత గీసినట్టు ఉండదు దానికి,
తామరాకులు మొదలైన చోట
నేల అయిపోయిందనుకోవాలి, అంతే.

రెండు తాటిబోదెల దోనె మీద నిలబడి
వల తీసుకుంటున్న ఒకామె
మా కర్రల్నీ తాళ్ళనీ కాసేపు చూసింది.
"ఏటి బాబూ, ఇల్లు లేదేటి మీకు?"
ఉందన్నాం. సెక్టారు, క్వార్టరు నెంబరు చెప్పాం.
"మరి?" అంది.
ఆ మరికి ఇద్దరి దగ్గరా జవాబు లేదు.
గుప్పెడు చేపలు గట్టు మీద పోసి
"గేదిల తోవలో ఏసీసినారు గుడారం,
తెల్లారితే తొక్కీగలవు" అని
గెడ వేసుకుంటూ వెళ్ళిపోయింది.
మారుద్దాం అనుకున్నాం. మార్చలేదు.

మా వీధిలో రాత్రంటే ఎర్రగా ఉంటుంది,
కోకు తోసినప్పుడల్లా ఆకాశం కమిలిపోతుంది.
ఇక్కడ చీకటి చీకటిలాగే ఉంది.
రెండింటికి, సైరన్ లేకపోయినా, ఇద్దరం లేచాం.
నీళ్ళలో ఏదో పిట్ట కలవరించింది.
దోమలు మాత్రం ఊరి దోమలే.
ఎర్నిబాబు దగ్గాడు.
కాసేపాగి నేనూ దగ్గాను.
మళ్ళీ పడుకున్నాం.

గేదెలు నిజంగానే వచ్చాయి.
తొక్కలేదు. ఒకటి టార్పాలిన్ వాసన చూసి
తుమ్మి పక్కనుంచి పోయింది.

ట్యూబు బయటికి లాగాను.
పంపు కొడుతూ మూడుసార్లు ఆగాను,
వాడు కొండవైపు చూస్తూ నిలబడ్డాడు.
నామాలకోళ్ళు చెదిరేలా
ట్యూబుని ఆవలో ముంచి
అంగుళం అంగుళం తిప్పుతుంటే
ఒకచోట
బుడ, బుడ, బుడ,
ఆవగింజలంత బుడగలు.

"ఇక్కడ" అన్నాడు ఎర్నిబాబు, వేలు పెట్టి.
వేలు తియ్యకుండానే, నీళ్ళలోకే చూస్తూ,
"నీకెంతొచ్చింది?" అన్నాడు.

ఏది, అని నేను అడగలేదు.
"అరవై రెండు."
"నాకు యాభై ఎనిమిది."

గరుకు కాగితంతో రుద్దాను.
సొల్యూషన్ రాశాడు.
అది ఆరాలి కదా,
ఆ తడి మచ్చ మీదకి ఇద్దరం వంగి
ఉఫ్ ఉఫ్‌మని ఊదుతుంటే
దోనె మీదామె గెడ ఆపి చూసింది
ఈసారి ఏమడగాలో తెలీక.