తిరిగొచ్చాయి

బుధవారం పొద్దున్న ఏడున్నరకి
ఉమ్లాజీ నుంచి వచ్చే మొదటి టాక్సీ దిగుతుంది జిబుయిలే,
ఉడికించిన మొక్కజొన్న పొత్తు ఒకటి
నాకోసం కాగితంలో చుట్టి పట్టుకుని.
ఎడమ చెయ్యి చాపుతుంది.
ఆ చేతి నరం నాకు
మా ఇంటిదారి కంటే బాగా తెలుసు.

పదిహేనేళ్ళు రాత్రి ఎనిమిదికి తప్పకుండా మింగిన మాత్ర
ఇప్పుడు మింగడం లేదు.
మానమన్నది మేమే.
సంతకం పెట్టించుకున్న పదకొండు పేజీల్లో
'తిరిగి రావచ్చు' అన్న మాట నాలుగుచోట్ల ఉంది.
చదివి పకపకా నవ్వింది:
"నా పేరే అది కదా సిస్టర్!"

ఆమె పుట్టిన వారం
దొంగలు కొండల్లోకి తోలుకుపోయిన పశువులు
వాటంతటవే దొడ్డికి వచ్చాయట.
తాత గుమ్మంలో నిలబడి లెక్కపెట్టుకుని
పసిదానికి ఆ మాటే పేరు పెట్టేశాడు:
తిరిగొచ్చాయి.

మాత్ర వేసుకున్నన్నాళ్ళూ
అది రక్తంలో కనపడదు. లేదని కాదు.
నివురుగప్పిన నిప్పు అని రాసి
కొట్టేశాను.
నిప్పయితే చెయ్యి పెడితే తెలుస్తుంది.
ఇది కాపలావాడి ఒంట్లోనే దూరి
వాడి నుదుటిరాతలో తన రాత కలిపేసి
వాడు నిద్రపోతే తనూ నిద్రపోతుంది,
వాడు ఇద్దరైతే తనూ రెండవుతుంది.
బియ్యంలో రాయి ఏరగలం.
ఈ రాయి బియ్యంతో పాటే ఉడుకుతుంది.

గజ్జల్లోంచి బఠానీగింజంత గ్రంథి తీసిన రోజున
డాక్టర్ ఫెజెకిలే,
ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి,
మైక్రోస్కోప్ మీంచి తలెత్తకుండానే అంది:
"పది లక్షల కణాల్లో ఒకటో రెండో.
ఆ ఒకటి ఏదంటే మాత్రం నన్నడక్కు."
కిటికీ బయట ఓడలు
డర్బన్ రేవులో చోటు కోసం
పొద్దుటి నుంచీ కదలకుండా నిలబడి ఉన్నాయి.

ఇరవైమంది ఆడవాళ్ళలో
చాలామందికి మూడో వారమే అంకె పైకి లేచింది.
మాత్రలు చేతిలో పెట్టి పంపేశాం.
జిబుయిలేకి తొమ్మిదో వారం లేదు,
ఇరవయ్యో వారం లేదు,
ముప్పయ్యో వారం కూడా.
దిష్టి అంటే నాకు నమ్మకం లేదు.
అయినా అప్పట్నించీ
ఎవరి దగ్గరా ఆమె ఊసెత్తలేదు.

మా అక్క సంగతి ఆమెకి చెప్పలేదు.
మాత్రలు మా దాకా రాని రోజులవి,
శనివారానికి రెండేసి చావులు,
ఉన్న ఒక్క నల్లగౌనూ ఉతికి ఆరేసి
తడి ఆరకముందే తొడుక్కునేదాన్ని.
అక్క పెట్టెని ఇద్దరే మోశారు.
ఇప్పటికీ సూది పట్టుకుంటే ఆ తేలిక
వద్దు.
ఇది జిబుయిలే సంగతి.

నలభై ఒకటో వారం.
పదకొండువందల నలభై.
మిషన్ తప్పేమోనని మళ్ళీ పెట్టాం:
పన్నెండువందల పది.

నేనే ఫోన్ చేశాను.
అవతల టాక్సీల హారన్లు,
ఎవరో నారింజలమ్ముతున్న కేక.
చాలాసేపు ఆమె మాట్లాడలేదు.
తర్వాత మెల్లగా అడిగింది,
"ఎన్నొచ్చాయి?"
దొడ్డి గుమ్మంలో వాళ్ళ తాత అడిగినట్టు.

ఆ రాత్రి ఎనిమిదికి మాత్ర మళ్ళీ మొదలు.
మరి నలభై వారాలు
ఆమె ఒంట్లో గుమ్మం దగ్గర కూర్చున్నదెవరు?
ఏ కణానికి ఏ ఝామున కన్ను మూతపడింది?
నూటఅరవైనాలుగు గొట్టాల్లో ఉంది ఆ జవాబు,
ఉంటే,
పొగలు కక్కే చలిలో గడ్డకట్టి.
డాక్టర్ రాత్రిళ్ళు కూర్చుని ఒక్కొక్కటీ కరిగిస్తోంది.
మొన్నటికి పదహారు అయ్యాయి.

ఈ బుధవారం ఆమె రానక్కర్లేదు.
వచ్చింది.
ఈసారి రెండు పొత్తులు.
కుర్చీలో కూర్చుని కుడి చెయ్యి చాపింది.
"ఎడమది అలిసిపోయింది సిస్టర్.
ఇంకో పరిశోధన పెడుతున్నారటగా,
ముందు తిను,
తర్వాత నా పేరు రాసుకో."